సైలెంట్ హిల్ డైరెక్టర్ పేరు మనలో ఎవరికీ ఎందుకు తెలీదు?

లంకకుర్రోడు:
పుష్యమాసంలో తెల్లారగట్ల పి.గన్నవరం నుంచి అమలాపురం బండి మీద వెళ్ళేవాళ్ళకి తెలుసు, కాలవగట్టు మీద మంచు పట్టిందంటే లైటు వేసినా నాలుగు గజాల అవతల ఏముందో తెలీదు. మొన్న అలా వెళ్తుంటే ఎదర ఎక్కడో గేదె మెడలో గంట మోగింది, గేదె మాత్రం కనపడలేదు. వెంటనే 1999 నాటి మొదటి సైలెంట్ హిల్ హారర్ వీడియోగేమ్ గుర్తొచ్చింది, అందులోనూ అంతే, రాక్షసి కనపడకముందే జేబులో రేడియో గరగరలాడుతుంది. దాన్ని డైరెక్ట్ చేసింది కెయిచిరో తొయామా అని, డైరెక్టర్‌గా అదే ఆయన మొదటి గేమ్ అని నిన్ననే తెలిసింది. మా బ్యాచ్‌లో మెటల్ గేర్ గేమ్‌లు చేసిన కొజిమా పేరు అందరికీ తెలుసు, ఈయన పేరు ఒక్కడికీ తెలీదు. ఎందుకంటారు? దేంతో మొదలెట్టాలి?

కొబ్బరితోట:
ఆ మంచు సంగతి చెప్తే నవ్వుతావు తమ్ముడూ. దూరంగా ఉన్నవన్నీ ఒకేసారి చూపించే సత్తా ప్లేస్టేషన్ 1కి లేదు, అందుకని ఊరంతా మంచు కప్పేశారు.

పేరెందుకు రాలేదంటే, మొదటిది అవగానే ఆయన, ఆ గేమ్ తీసిన కంపెనీ కొనామి వదిలి సోనీకి వెళ్ళిపోయాడు. 2001లో రెండోది వేరేవాళ్ళు చేశారు, గొప్పంతా దానికి పోయింది. సోనీలో 2003లో సైరెన్ చేశాడు. అందులో రేడియో స్టేషన్ తిప్పినట్టు తిప్పుతూ శత్రువుల చూపు పట్టుకోవాలి, వాడి కళ్ళలోంచి చూస్తుంటే ఎవడో నక్కి కూర్చుని కనపడతాడు, ఆ నక్కింది మనమే! కొండల్లో ఊరు, దాని చుట్టూ రాత్రికి రాత్రి ఎర్రటి సముద్రం. గోదావరి వరదకి ఎర్రనీరు చుట్టుముట్టిన లంకలు చూసినోడివి, నీకు వేరే చెప్పక్కర్లేదు. కష్టం మాత్రం మామూలుగా ఉండదు, నేను రెండుసార్లు సగంలో వదిలేశా.

వీటా_పిచ్చోడు:
కొత్తవాడికి సైరెన్ చెప్పడం అన్యాయం అండీ. గ్రావిటీ రష్ ఆడమనండి, అదీ ఈయనదే, 2012లో సోనీ వాళ్ళ చేతిలో పట్టుకుని ఆడే మెషిన్ వీటాకి వచ్చింది. కాట్ అనే అమ్మాయి, ఎగురుతోందనుకుంటాం గానీ ఎగరదు, పడుతుంది. గురుత్వాకర్షణ ఎటు తిప్పితే అటు, ఆకాశంలోకైనా సరే. వీటానే జనం కొనకపోతే అందులో గేమ్ ఎవరికి తెలుస్తుంది? తర్వాత ప్లేస్టేషన్ 4 (పీఎస్4)కి తెచ్చారు, 2017లో రెండో భాగం వచ్చింది, దాని ఆన్‌లైన్ సర్వర్లు 2018 జులైలోనే ఆపేశారు. నేనైతే దీనికోసం రాజమండ్రిలో సెకండ్‌హ్యాండ్ వీటా కొన్నా. ఇంటికొచ్చి చూస్తే మెమరీ కార్డు లేదు, ఫోన్ చేస్తే "అది విడిగా అండీ, ఆయ్" అన్నాడు.

రావులపాలెం_రాత్రిబస్సు:
ఒప్పుకుంటా గానీ, పేరు రాలేదని ఆయన చేసినవన్నీ బాగున్నాయనకండి. 2020లో సోనీ నుంచి బయటికొచ్చి బోకె అని సొంత స్టూడియో పెట్టాడు, అక్కడ చేసిన స్లిటర్‌హెడ్ అనే గేమ్ 2024 నవంబర్ 8న వచ్చింది. సరిగ్గా నెల ముందు, అక్టోబర్ 8న, సైలెంట్ హిల్ 2 రీమేక్ దిగింది. మళ్ళీ అదే అడ్డం! స్లిటర్‌హెడ్‌లో మనకి ఒళ్ళే ఉండదు, దారిన పోయేవాళ్ళలో దూరి కొట్లాడాలి, ఒకడు పోతే ఇంకొకడు. సైరెన్‌లో కళ్ళు అరువు తెచ్చాడు, ఇక్కడ మనిషినే తెచ్చాడు, ఇంత ధైర్యం పెద్ద కంపెనీలకి ఉండదు. కానీ ఆడిన మిషన్లే మళ్ళీ మళ్ళీ ఆడించి విసిగించాడు. ఆఫర్‌లో దొరికితే తీసుకోండి.

లంకకుర్రోడు:
అయితే ముందు గ్రావిటీ రష్, మా బావ దగ్గర పీఎస్4 ఉంది. సైరెన్ శ్రావణంలో ఎర్రనీరు వచ్చాక మొదలెడతా, అప్పటికి కరెంటు ఉంటే.