ఆబ్జెక్టు ఆధారిత భాషకు పార్షియల్ అప్లికేషన్ చేర్చడం: అనుభవాలు పంచుకోండి

భాషానిర్మాత
నేను రూపొందిస్తున్న భాషలో క్లాసులు, మెథడ్ ఓవర్‌లోడింగ్ (ఒకే పేరుతో వేర్వేరు ఆర్గ్యుమెంట్లు తీసుకునే మెథడ్‌లు), డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లు (ఇవ్వకపోతే ముందే పెట్టిన విలువ తీసుకునేవి) ఇప్పటికే ఉన్నాయి. కొన్ని ఆర్గ్యుమెంట్లను ముందే ఇచ్చి, మిగిలినవి తీసుకునే కొత్త ఫంక్షన్‌ను పొందే సౌకర్యాన్ని, అంటే పార్షియల్ అప్లికేషన్‌ను, ఇప్పుడు చేర్చాలనుకుంటున్నాను. హాస్కెల్‌లో లాగా తక్కువ ఆర్గ్యుమెంట్లతో పిలిస్తే సరిపోవాలా, లేక ఖాళీకి ప్రత్యేకమైన గుర్తు పెట్టాలా?

టైప్‌చెకర్
గుర్తు తప్పనిసరి అన్నది నా గట్టి అభిప్రాయం. ఒకే పేరుతో ఒక ఆర్గ్యుమెంటు తీసుకునే మెథడ్, రెండు తీసుకునే మెథడ్ ఉన్నప్పుడు, ఒక్కటే ఇచ్చి పిలిస్తే అది మొదటిదాన్ని పూర్తిగా పిలవడమో రెండోదాన్ని సగం నింపడమో కంపైలర్‌కే కాదు, చదివేవారికీ తెలియదు. డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లుంటే ఒక్క మెథడ్‌తోనే ఈ చిక్కు వస్తుంది. స్కాలాలో ఖాళీ ఉన్న ప్రతిచోటా అండర్‌స్కోర్ రాస్తారు కనుక ఆర్గ్యుమెంట్లు మొత్తం ఎన్నో కళ్లెదుటే కనిపిస్తుంది. అయితే అక్కడ ఆ రూపం లాంబ్డాగా (పేరులేని ఫంక్షన్‌గా) మారుతుంది కాబట్టి, ఇచ్చిన ఆర్గ్యుమెంటు స్థానంలో ఫంక్షన్ కాల్ ఉంటే, లాంబ్డాను పిలిచిన ప్రతిసారీ అది మళ్లీ నడుస్తుంది.

పాములవాడు
పైథాన్‌లో 2006లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచి ఫంక్‌టూల్స్ అనే లైబ్రరీ మాడ్యూల్‌లో పార్షియల్ ఉంది. పేరు లేకుండా ఇచ్చే ఆర్గ్యుమెంట్లను చాలాకాలం ఎడమవైపు నుంచి మాత్రమే బిగించగలిగేవాళ్లం. మధ్యలో ఖాళీ వదలడానికి ప్లేస్‌హోల్డర్ 2025లో, 3.14తో గానీ రాలేదు. మీకు అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. క్లాసులో పార్షియల్‌ను మెథడ్‌గా పెడితే దానికి సెల్ఫ్ (మెథడ్ నడిచే ఆబ్జెక్టు) అందదు, అందుకే 3.4లో పార్షియల్‌మెథడ్‌ను విడిగా చేర్చవలసి వచ్చింది. మెథడ్ ఎవరిమీద నడుస్తుందో ఆ ఆబ్జెక్టు కూడా ఒక ఆర్గ్యుమెంటే కనుక, దాన్నీ ఖాళీగా వదలవచ్చా అన్నది మొదటే తేల్చుకోండి.

బ్రౌజర్‌పని
జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్‌కు ఆబ్జెక్టును, ఆర్గ్యుమెంట్లను ముందే బిగించే బైండ్‌ను పిలిచిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ పుడుతుంది. ఈవెంట్ లిజనర్‌ను (క్లిక్ లాంటిది జరిగినప్పుడు నడిచే ఫంక్షన్‌ను) తీసేసేటప్పుడు మళ్లీ బైండ్ చేసి ఇస్తే పాతది తొలగదు, ఎర్రర్ కూడా రాదు. ఒకే మెథడ్, అవే ఆర్గ్యుమెంట్లతో తయారైన రెండు విలువలు సమానమా కాదా అన్నది దయచేసి మీ భాష నిర్వచనంలోనే రాయండి.

భాషానిర్మాత
అందరికీ ధన్యవాదాలు. గుర్తు పెట్టాలనే నిర్ణయించుకున్నాను. ఇక ఇచ్చిన విలువలను ఎప్పుడు లెక్కించాలి? ఆబ్జెక్టు ఖాళీగా ఉంటే ఏ క్లాసు మెథడ్ నడవాలి?

టైప్‌చెకర్
ఇచ్చినవాటిని తయారీ సమయంలోనే, ఒక్కసారే లెక్కించండి. జావా 8లో ఆబ్జెక్టుతో కలిపి రాసిన మెథడ్ రిఫరెన్స్ (మెథడ్‌ను పిలవకుండా విలువగా సూచించే రూపం) అలాగే పనిచేస్తుంది: ఆ ఆబ్జెక్టు నల్ (ఏ ఆబ్జెక్టూ లేదని చెప్పే విలువ) అయితే పొరపాటు అక్కడికక్కడే బయటపడుతుంది, అదే లాంబ్డాలో రాస్తే పిలిచేదాకా దాగి ఉంటుంది. ఓవర్‌లోడ్ ఎంపిక ఎలాగూ కంపైల్ సమయంలో ముగుస్తుంది; ఆబ్జెక్టు ఖాళీగా ఉన్నప్పుడు ఓవర్‌రైడ్ ఎంపికను (ఉపక్లాసు తిరగరాసిన మెథడ్‌లలో ఏది నడవాలన్నది) మాత్రం పిలుపు దాకా ఆపాలి, ఎందుకంటే అప్పటివరకు అసలు క్లాసు ఏదో ఎవరికీ తెలియదు.