పని చేసే వయసులోనే కళాకారుడికి సర్కారు నెలనెలా డబ్బులివ్వాలా? ఐర్లాండ్‌లో ఇస్తున్నారు

డబ్లిన్_తెలుగోడు:
నేనుండేది ఇక్కడే కాబట్టి ఈ సంగతి మొదట్నుంచీ ఫాలో అవుతున్నా. 2022లో ఐర్లాండ్ ప్రభుత్వం 2,000 మంది కళాకారులకి వారానికి 325 యూరోలు ఇవ్వడం మొదలుపెట్టింది, మూడేళ్ల పైలట్ స్కీమ్. అప్లై చేసినవాళ్లు 9,000 పైనే, అర్హులందర్లోంచి లాటరీ తీశారు. ఏం రాశావ్ ఏం గీశావ్ అని లెక్క అడగరు, బయట ఇంకో పని చేసుకుని సంపాదించుకోవచ్చు, టాక్స్ మాత్రం కట్టాలి. 2025 అక్టోబర్ బడ్జెట్లో దీన్ని పైలట్‌తో ఆపం, కొనసాగిస్తాం అన్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటిది రావాలని నా గట్టి నమ్మకం. మీరేమంటారు?

తాపీమేస్త్రి_కొడుకు:
నేను ఒప్పుకోను అన్నా. మా నాన్న ముప్పై ఏళ్లు గోడలు కట్టాడు, వానాకాలం పని ఉండదు, నడుము పోయింది, ఆయనకి లేని నెల డబ్బులు పాట పాడేవాళ్లకి ఎందుకు? కళ అంటే నాకూ ఇష్టమే కానీ అది పస్తుల కంటే పెద్దది కాదు. ఒక యూరో పెడితే 1.39 యూరోల లాభం అని వాళ్ల రిపోర్ట్ వచ్చింది కదా, అది నేనూ చదివా, అందులో ఎక్కువ భాగం కళాకారులు మానసికంగా బాగున్నారు అనేదానికి కట్టిన విలువ. అది ఖజానాకి తిరిగొచ్చే డబ్బు కాదు.

తెనాలి_హార్మోనియం:
మీ నాన్నగారికీ ఇవ్వాలండీ, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మా ఇంటి సంగతి చెప్తా వినండి. మా నాన్నగారు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు, శివరాత్రి నుంచి శ్రీరామనవమి దాటేదాకా రాత్రిళ్లు నిద్రుండేది కాదు, తెల్లారి ఇంటికొచ్చేసరికి వేళ్లు వాచిపోయుండేవి, ఆ తర్వాత వానలు మొదలైతే మళ్లీ దసరా దాకా అప్పులే, రెండుసార్లు హార్మోనియమే తాకట్టు పెట్టారు, పెట్టె ఇంట్లో లేకపోతే సాధన ఎక్కడ చేస్తాడు మనిషి? మన ఆంధ్రాలో డప్పు కళాకారులకి నెలకి 4,000 పెన్షన్ ఉంది, మంచిదే, కానీ 50 ఏళ్లు నిండాలి. కేంద్రం ఇచ్చే సాయానికైతే 60 నిండాలి. అంటే చెయ్యి బాగా పలికే వయసంతా ఒట్టి చేతుల్తో గడవాలి, చెయ్యి వణికే రోజున సర్కారు గుర్తిస్తుంది. ఐర్లాండ్ వాళ్లు ఇచ్చేది చెయ్యి పలికే రోజుల్లో. నాకు నచ్చింది అదే.

వరంగల్_ఒగ్గుడోలు:
మా తెలంగాణల పని చేసే వయసోళ్లకు ఇచ్చిన్రు కదా, సాంస్కృతిక సారథి పెట్టి 550 మందికి జీతాలు. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడ, మస్తు ఇండ్లల్ల పొయ్యి వెలిగింది. కానీ అది నౌకరీ, సర్కారు పథకాల మీద పాట కట్టాలె, ఊరూరా తిరిగి పాడాలె. ఒగ్గు కథ చెప్పెటాయన మల్లన్న కథ రాత్రంతా చెప్పుడు ఎప్పుడు నేర్పాలె పిల్లలకు? మొగులయ్యనే సూడుండ్రి, 12 మెట్ల కిన్నెరకు 2022ల పద్మశ్రీ వచ్చింది, రెండేండ్లకు కూలి పనికి పోయిండని పేపర్ల సూసినం. మెడల్ తోని నెల గడవది. ఒక్కటే నా భయం, ఎవలు కళాకారుడు ఎవలు కాదు అని రాసెటోడు ఎవడు? లీడర్ ఎనక తిరిగెటోళ్ల పేర్లే లిస్టుల ఉంటయ్.

డబ్లిన్_తెలుగోడు:
లాటరీ పెట్టింది అందుకే అన్నా. ముందు అర్హత చూస్తారు, కళాకారుల సంఘంలో మెంబర్షిప్, కళ మీద వచ్చిన ఆదాయం, చేస్తున్న పనికి ఆధారం, ఈ మూడింట్లో రెండు చూపించాలి. ఎవరు గొప్ప అనే తీర్పు లేదు, ఆ తర్వాత చీటీయే. లీడర్ సిఫార్సుకి అక్కడ చోటు లేదు.

తాపీమేస్త్రి_కొడుకు:
సంఘం కార్డులు మన దగ్గర అమ్ముతారు బ్రదర్, అది ఆపే దారి చూపిస్తే అప్పుడు ఆలోచిస్తా. హార్మోనియం తాకట్టు సంగతి మాత్రం మనసుకి తగిలింది అన్నా, మా నాన్న కూడా ఒకసారి తాపీ సామానంతా అమ్మేశాడు.

తెనాలి_హార్మోనియం:
కార్డు వద్దండీ, ఊళ్లో నాటకం ఆడించినవాళ్లని అడగండి. ఏ గుడి కమిటీ పుస్తకం తీసినా ఎవరికి ఎంత ఇచ్చారో తారీఖుతో సహా ఉంటుంది. మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న ఐదుగురిలో ఇప్పుడు వాయించేది ఒక్కడే, 34 ఏళ్లు, పగలు ఎరువుల కొట్లో గుమాస్తా. వాడి పేరు మా చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ల పుస్తకాల్లో ఉంది.