కుండీలో మల్లె: కొమ్మలు ఎంతవరకు కత్తిరించాలి?

ప్రశ్న (వరంగల్):
మా మేడ మీద పెద్ద కుండీలో గుండుమల్లె ఉంది. పోయిన వేసవిలో ఆకు గుబురుగా వచ్చింది గానీ పూలు అమ్మ జడకి కూడా చాలలేదు. కొమ్మలు తీగల్లా సాగిపోయాయి. డిసెంబర్ వచ్చేసింది, కత్తెర పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. ఎంత తీసేయొచ్చు?

జవాబు (తెనాలి):
భయపడకండి. మల్లె పూసేది కొత్త చిగుళ్ల మీదే. మా నాన్నగారి తోటలో ఏటా ఈ రోజుల్లోనే ముందు నీళ్లు ఆపి, నేల నుంచి అడుగున్నర ఎత్తులో అన్ని కొమ్మలూ కోసి, మిగిలిన ఆకు దూసేస్తాం. కుండీకి నీళ్లు తగ్గిస్తే చాలు, పూర్తిగా ఎండబెట్టొద్దు. ఎండుపుల్లలు, లోపలికి పెరిగిన సన్నకొమ్మలు మొదలంటా తీసేయండి. కణుపుకి కాస్త పైన, ఏటవాలుగా కోయాలి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దుకత్తెరతో నలిపితే బెరడు చీలి, అక్కడి నుంచి కొమ్మ కిందికి ఎండుతూ పోతుంది. తర్వాత మన్ను గుల్లచేసి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టండి.

జవాబు (హైదరాబాద్):
యూరియా వేస్తున్నారా? ఎక్కువైతే ఆకే వస్తుంది. కుండీని రోజుకి ఆరు గంటలైనా ఎండ తగిలేచోట పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
యూరియా నెలనెలా వేస్తున్నాం, ఆపేస్తాను. పక్కనే జాజి కూడా ఉంది, దానికీ ఇప్పుడేనా?

జవాబు (తెనాలి):
జాజికి డిసెంబర్ చివర్లో చేయండి. ఈ ఆదివారం మల్లె పని కానివ్వండి.