ప్రసారం కాని పైలట్ ఎపిసోడ్‌కి విజ్ఞాన సర్వస్వంలో సొంత పేజీ ఉండాలా?

శేషు, సాలిగ్రామం
అందరికీ నమస్కారం. 1998లో మన మద్రాసులో, వడపళని, సాలిగ్రామం వీధుల్లో తీసిన ఒక తెలుగు సీరియల్ పైలట్ గురించి ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో పేజీ రాశాను. మూడో రోజుకల్లా తీసేశారు. "ప్రసారం కాలేదు, విషయ ప్రాముఖ్యత లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సీరియల్ ఇలా ఉంటుంది అని ఛానల్ వాళ్ళకి చూపించడానికి ముందుగా తీసే ఒక్క ఎపిసోడే పైలట్. నచ్చితే సీరియల్ అవుతుంది, నచ్చకపోతే అటకెక్కుతుంది. మాది అటకెక్కింది.

ఇంగ్లీష్ వికీపీడియా చూడండి. 2011లో ఎన్‌బీసీ కోసం తీసిన 'వండర్ ఉమన్' పైలట్‌ని ఆ ఛానల్ వద్దనుకుంది. దానికి పేజీ ఉంది. 1999లో ఫాక్స్ కోసం బెన్ స్టిల్లర్ తీసిన 'హీట్ విజన్ అండ్ జాక్' కూడా అంతే, సీరియల్ కాలేదు. దానికీ పేజీ ఉంది. వాళ్ళది టీవీలో రాకపోయినా చరిత్ర, మనది రాకపోతే చెత్తా? నాకు సూటిగా జవాబు కావాలి.

పద్మజ, పెరంబూరు
శేషు గారూ, ఆ పేజీ తీసేసింది నేను కాదు. కానీ నా కంటపడి ఉంటే నేనూ తీసేయమనే చెప్పేదాన్ని. పదకొండేళ్ళుగా ఆ విజ్ఞాన సర్వస్వంలో పేజీలు సరిచూసే పని చేస్తున్నాను కాబట్టి వివరంగా చెబుతాను.

ప్రసారమైందా లేదా అన్నది కొలత కాదు. మీకు ఆ కారణం రాసినవాళ్ళు సగమే రాశారు. ఆ విషయంతో సంబంధం లేనివాళ్ళు, నమ్మదగిన చోట, దాని గురించి వివరంగా రాసి ఉండాలి. అదీ కొలత. వండర్ ఉమన్ సంగతే తీసుకోండి. 2011 మార్చిలో ఆ హీరోయిన్ డ్రెస్సు ఫొటో బయటికి రాగానే పత్రికలన్నీ దాని గురించి రాశాయి. డ్రెస్సు మార్చారు, దాని గురించీ రాశారు. మే నెలలో ఛానల్ వద్దంది, అదీ రాశారు. పేజీ రాసినవాళ్ళు వాటిని చదివి రాశారు.

మీ పేజీలో మూలాల దగ్గర ఏముంది? "మా ఇంట్లో ఉన్న క్యాసెట్టు" అని ఉంది. దాన్ని నేను ఎక్కడ చూడను? ఎలా సరిచూసుకోను?

మురళీధర్, అంబత్తూరు
అసలు "ప్రసారం కాని" అన్న మాటే తేలాలి. 'స్టార్ ట్రెక్' మొదటి పైలట్ 'ది కేజ్'ని 1965లో ఎన్‌బీసీ వద్దంది, ఇంకోటి తీయించుకుంది. కానీ 1988లో మొదటిదాన్ని టీవీలో పూర్తిగా వేశారు. 'డాక్టర్ హూ' మొదటి ఎపిసోడ్ 1963లో ఒకసారి తీసి, బాగాలేదని మళ్ళీ తీశారు. ఆ పాతది 1991లో బీబీసీలో వచ్చింది. ఇవి ప్రసారమైనవా, కానివా?

వసంత, టి.నగర్
మా వదిన ఆ రోజుల్లో సీరియళ్ళలో చేసేది. ఇలాంటివి రెండు మూడు చేసింది, ఒక్కటీ రాలేదు.

శేషు, సాలిగ్రామం
పద్మజ గారూ, క్యాసెట్టు మూలం కాదని మీరెలా అంటారు? సినిమా పేజీల్లో నటీనటుల పేర్లకి సినిమానే మూలం కదా! టైటిల్స్‌లో పేరుంటే చాలు అని మీ వాళ్ళే అంటారు. ఇదీ అంతే.

ఆ క్యాసెట్టు గురించి చెబుతాను. బీటాకామ్, అంటే అప్పట్లో టీవీవాళ్ళు వాడిన రకం. లేబుల్ మీద ఆకుపచ్చ ఇంకుతో మా నాన్న రాత. అట్టపెట్టె మూలల్లో బూజు. ఆడించే మెషిన్ కోసం రెండు నెలలు తిరిగాను. చివరికి కోడంబాక్కంలో ఒకప్పుడు పెళ్ళి వీడియోలు తీసిన ఒక పెద్దాయన దగ్గర దొరికింది. మొదటి నిమిషమంతా గీతలే. తర్వాత బొమ్మ నిలబడింది. కరెంటు పోయిన ఇంట్లో తల్లి స్టవ్ వెలిగించే సీను ఉంటుంది. ఆ వెలుగు ముఖం మీద పడటానికి మా నాన్న థర్మోకోల్ షీట్లు పట్టించి తీశాడు. ఇరవై రెండు నిమిషాలు. చివర్లో "ఛాయాగ్రహణం" అని ఆయన పేరు. అంతకుముందు పద్నాలుగేళ్ళు అసిస్టెంటుగానే చేశాడు. తర్వాత కూడా అసిస్టెంటే. ఆ కార్డు మీద ఒక్కసారే ఆయన కెమెరామన్.

ఛానల్ వాళ్ళు చూసి "బాగుంది, కబురు చేస్తాం" అన్నారట. కబురు రాలేదు.

గిండీ కుర్రాడు
అన్నా, యూట్యూబ్‌లో పెట్టేయొచ్చుగా? అప్పుడు అందరూ చూస్తారు.

శేషు, సాలిగ్రామం
తమ్ముడూ, హక్కులు నిర్మాతవి. ఆయన పోయారు. వాళ్ళబ్బాయి "అప్పు మిగిల్చిన ఆ సీరియల్ పేరు మా ఇంట్లో ఎత్తొద్దు" అని ఫోన్ పెట్టేశాడు.

పద్మజ, పెరంబూరు
టైటిల్స్ సంగతి. సినిమా థియేటర్‌లో ఆడింది, డిస్కు వచ్చింది, ఎవరైనా వేసి చూసుకోవచ్చు. అందుకే టైటిల్స్ మూలంగా చెల్లుతాయి. బీబీసీ 'షెర్లాక్' పైలట్ ప్రసారం కాలేదు, దాన్ని మళ్ళీ తొంభై నిమిషాలుగా తీశారు. కానీ పాతదాన్ని డీవీడీలో వేశారు కాబట్టి అందరూ చూడగలరు. మీ క్యాసెట్టు ప్రపంచం మొత్తంలో ఒక్కటే, అది మీ బీరువాలో ఉంది. పైగా పేర్లకి టైటిల్స్ సరిపోతాయేమో గానీ, పేజీ ఉండాలా వద్దా అన్నదానికి సరిపోవు.

తెలుగు టెలివిజన్ చరిత్ర అని ఒక వ్యాసం ఉందనుకోండి. 1995లో ప్రైవేటు తెలుగు ఛానళ్ళు వచ్చాక మద్రాసులో పైలట్ల తయారీ అని అందులో ఒక విభాగం పెట్టుకుందాం. పాత సినిమా పత్రికలో రెండు లైన్లు దొరికినా మీ పైలట్ పేరు అక్కడ చేర్చవచ్చు.

మురళీధర్, అంబత్తూరు
షెర్లాక్ డీవీడీలో వచ్చింది. అంటే విడుదలైంది, ప్రసారం కాలేదు. నేనడిగింది అదే. మూడు రకాలున్నాయి: ఏళ్ళ తర్వాత ప్రసారమైనవి, డిస్కులో మాత్రమే వచ్చినవి, ఎక్కడా రానివి. అన్నిటికీ ఒకే రూలు పెడితే గొడవ తెగదు.

శేషు, సాలిగ్రామం
రెండు లైన్లు దొరికితే ఒక పేరు! మహా ఉపకారం. 2019లో హెచ్‌బీఓ వాళ్ళు 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ముందుకథకి పైలట్ తీసి పక్కన పడేశారు. మూడు కోట్ల డాలర్ల పైన అయిందని తర్వాత వాళ్ళ పెద్దాయనే చెప్పారు. వాళ్ళు పారేసినదాని గురించి పేజీలకి పేజీలు రాశారు. మా నిర్మాత భార్య గాజులు తాకట్టు పెట్టి తీశాడు. పేపరువాళ్ళు రాలేదు. రారు కూడా. డబ్బున్నచోటికి పేపరు వెళుతుంది, పేపరు ఉన్నచోటికి మీరు వెళతారు. ఇదా మీ కొలత? లెడ్జరు ముందు కూర్చున్న గుమస్తాలా మాట్లాడుతున్నారు మీరు. ఇంట్లో ఒక మనిషి పని గాలికి పోతే ఎలా ఉంటుందో మీకు తెలిస్తే ఇలా రాయరు.

వసంత, టి.నగర్
శేషు గారూ, ఆ మాట వద్దండీ.

పద్మజ, పెరంబూరు
నాకు తెలియదా? సరే, చెబుతాను. ఎక్కడా చెప్పలేదు ఇప్పటిదాకా.

మా నాన్నగారు ఒక సీరియల్‌కి మాటలు రాశారు. ప్రసారమైన సీరియలే, జనం బాగానే చూశారు. రాత్రి రెండింటిదాకా వంటింట్లో కూర్చుని రాసేవారు, ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోతాయని. తర్వాత ఎవరో దాని గురించి నెట్‌లో పేజీ పెట్టారు. మాటల దగ్గర వేరే ఆయన పేరు రాశారు. మూలం ఏమిటి అంటే "మా మామయ్యే రాశారు, మా ఇంట్లో అందరికీ తెలుసు" అన్నారు. ఆ పేజీ చూసి ఇంకో పది చోట్ల అదే పేరు వేశారు. నాన్నగారు పోయినప్పుడు సంతాపం రాసిన పత్రికలో కూడా ఆ సీరియల్ ఆయన ఖాతాలో లేదు.

నేను ఎగ్మోర్ కన్నెమరా లైబ్రరీకి ఏడు శనివారాలు వెళ్ళాను. దేశంలో అచ్చయ్యే పత్రికలు చేరే నాలుగు లైబ్రరీల్లో అదొకటి. పాత దినపత్రికల సెట్లు తిరగేస్తుంటే వేళ్ళకి పసుపురంగు పొడి అంటుకునేది. ఏడో శనివారం సీరియల్ ప్రకటన దొరికింది, అరచేయంత. అందులో "మాటలు" అని మా నాన్నగారి పేరు. అది చూపించాకే పేరు మారింది. ఇప్పుడు చెప్పండి, మీ బీరువా క్యాసెట్టుని నేను ఒప్పుకుంటే, ఆ మామయ్యగారిని ఏ నోటితో కాదనాలి?

గిండీ కుర్రాడు
అక్కా, ఇది తెలియదు. సారీ.

శేషు, సాలిగ్రామం
పద్మజ గారూ, ఆ గుమస్తా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిజంగా.

కానీ మీ కథలోనే నా బాధ ఉంది. మీకు ఆ అరచేయంత ప్రకటన దొరికింది కాబట్టి మీ నాన్నగారు నిలబడ్డారు. దొరక్కపోతే? ఆయన రాసింది అబద్ధమైపోయేదా? పరిశ్రమ హైదరాబాదు వెళ్ళిపోయాక ఇక్కడ మిగిలిపోయినవాళ్ళు ఎంతమంది! లైట్ బాయ్‌లు, అసిస్టెంట్లు, మేకప్ వాళ్ళు. వాళ్ళని గురించి రాయడానికి ఇక్కడ తెలుగు విలేకరి కూడా మిగల్లేదు. పేపర్లో పడనివాళ్ళు లేనట్టేనా? నేను ఇంతసేపూ అడుగుతున్నది పైలట్ గురించి కాదేమో. ఇది.

పద్మజ, పెరంబూరు
లేనట్టు కాదు. విజ్ఞాన సర్వస్వం "ఇది జరిగింది" అని తన మాటగా చెప్పలేదు, "ఫలానావాళ్ళు ఇలా రాశారు" అని మాత్రమే చెప్పగలదు. మీ నాన్నగారు ఉన్నారని నేను నమ్ముతున్నాను. నా నమ్మకం మీద పేజీ నడవకూడదు. అలా నడిస్తే గట్టిగా అరిచే కుటుంబం పేరే నిలుస్తుంది. మా ఇంట్లో గట్టిగా అరిచేవాళ్ళు ఎవరూ లేరు.

మీరే రాయండి. పత్రికకి పంపండి. ఆ పెళ్ళి వీడియోల పెద్దాయన, బతికున్న టెక్నీషియన్లు, మీ వసంత గారి వదిన, అందరితో మాట్లాడి వ్యాసం రాయండి. అది అచ్చయితే మొదటి మూలం అదే. అప్పుడు పేజీ నేను మొదలుపెడతాను.

శేషు, సాలిగ్రామం
అంటే నా మాట నేను చెబితే చెల్లదు, అదే మాట ఇంకొకరు అచ్చు వేస్తే చెల్లుతుంది. ఇది నాకు మింగుడు పడదు.

పద్మజ, పెరంబూరు
పడదని తెలుసు. షూటింగ్ ఏ నెలలో?

శేషు, సాలిగ్రామం
ఆగస్టు రెండో వారం. మా చెల్లెలి పుట్టినరోజుకి నాన్న ఇంటికి రాలేదు, అందుకే గుర్తు. పూజ రోజు ఒక పత్రికవాళ్ళు ఫొటో తీసుకెళ్ళారని అమ్మ అంటుంది. వేశారో లేదో తెలియదు. దొరక్కపోయినా నేను ఈ మాట మీదే ఉంటాను, ముందే చెబుతున్నా.

మురళీధర్, అంబత్తూరు
ఫొటో దొరికితే తేదీ, పేజీ నంబరు రాసుకోండి. అవి లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

పద్మజ, పెరంబూరు
నేనూ నా మాట మీదే ఉంటాను. శనివారం పది గంటలకి కన్నెమరా గేటు దగ్గర ఉంటాను. ఆగస్టు, సెప్టెంబరు సెట్లు రెండూ అడుగుదాం. చేతిరుమాలు తెచ్చుకోండి, దుమ్ము బాగా ఉంటుంది.