ఇండీ (చిన్న స్వతంత్ర బృందాలు చేసే) పజిల్ గేముల్లో చేత్తో చేసిన లెవెల్సే గొప్పవా? జనరేటర్ (లెవెల్స్ తయారుచేసే ప్రోగ్రామ్) తీసినవి ఎందుకు లోకువ?

గళ్లరాజు:
పజిల్ గేముల మాట ఎక్కడ వచ్చినా ఒకటే పాట. "లెవెల్స్ అన్నీ చేత్తో చేసినవి" అంటే మెచ్చుకోలు, "ప్రొసీజరల్", అంటే ప్రోగ్రామ్ తీసినవి, అంటే తిట్టు. గేమ్ అమ్మే స్టోర్ పేజీలో మొదటి వాక్యమే "ఇన్ని వందల హ్యాండ్‌క్రాఫ్టెడ్ లెవెల్స్" అని మొదలవుతుంది. నా మాట సూటిగా చెప్తా: డిడక్షన్ పజిల్స్ (ఇచ్చిన ఆధారాల నుంచి తర్కంతో జవాబు తేల్చేవి) వరకూ మంచి జనరేటర్ ముందు మనిషి చెయ్యి నిలబడదు.

సైమన్ టాథమ్ పోర్టబుల్ పజిల్ కలెక్షన్ తీసుకోండి. దూరంలో ఉన్న కంప్యూటర్‌కి కనెక్ట్ అయ్యే పుటీ ప్రోగ్రామ్ రాసినాయనే ఈయన. ఉచితం, సోర్స్ కోడ్ కూడా బయటే ఉంది, ఎంత పాత కంప్యూటర్లోనైనా పరుగెడుతుంది. అందులో మైన్స్ చూడండి. పాత విండోస్ మైన్‌స్వీపర్‌లో (గడిలో అంకె చుట్టూ ఎన్ని మైన్లున్నాయో చెప్తుంది, మైన్లు తప్పించి మిగతా గళ్లు తెరవాలి) ఎక్స్‌పర్ట్ బోర్డు 30×16, అంటే 480 గళ్లు, 99 మైన్లు. అంతా సరిగ్గా ఆడుకుంటూ వచ్చాక మూలలో రెండు గళ్లు మిగులుతాయి. మైను ఒకటే, చుట్టూ ఉన్న అంకెలు ఏ గడికైనా సరిపోతాయి. బొమ్మా బొరుసా వేసుకోవడం తప్ప దారి లేదు.

టాథమ్ మైన్స్‌లో ఈ గొడవ ఉండదు. మొదటి క్లిక్ పడ్డాకే బోర్డు తయారవుతుంది. లోపలి సాల్వర్ (పజిల్‌ని తానే విప్పి చూసే ప్రోగ్రామ్) దాన్ని ఊహ లేకుండా విప్పబోతుంది. ఎక్కడైనా ఇరుక్కుంటే బోర్డంతా పారెయ్యకుండా, ఆ చోట మైన్లు అటూ ఇటూ జరిపి మళ్లీ విప్పుతుంది. మన చేతికొచ్చేది పూర్తిగా తర్కంతోనే తేలే బోర్డు. ఆ బోర్డు కోడ్, అంటే గేమ్ ఐడీ, కాపీ చేసి పంపితే అవతలివాళ్లకీ అచ్చం అదే బోర్డు వస్తుంది.

480 గళ్ల బోర్డు ఇంత నికార్సుగా, అడిగినన్నిసార్లు, చేత్తో చేసిచ్చేవాళ్లెవరు? చేత్తో చేస్తే అదనంగా ఏమొస్తుందో ఉదాహరణతో చెప్పండి. "ఆత్మ ఉంటుంది" లాంటి మాటలు వద్దు.

మూలపెట్టె:
ఆత్మ జోలికి పోను, సాసేజ్‌ల జోలికి పోతా.

స్టీఫెన్ లావెల్ చేసిన స్టీఫెన్స్ సాసేజ్ రోల్ (2016) నిబంధనలు ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. సాసేజ్ రెండు గళ్ల పొడవు. పైన రెండు, కింద రెండు, వెరసి నాలుగు ముఖాలు. ఒక్కో ముఖం గ్రిల్ మీద సరిగ్గా ఒక్కసారే కాలాలి, రెండోసారి తగిలితే మాడినట్టే. అడ్డంగా తోస్తే దొర్లి ముఖం మారుతుంది, పొడవునా తోస్తే జారుతుంది గానీ ముఖం మారదు. ఆడే మనిషిదీ రెండు గళ్లే: ఒంటికొకటి, ముందుకు చాచిన ఫోర్క్‌కొకటి. అందుకే నిలబడ్డ చోట పక్కకి తిరిగినా పక్కనున్నదాన్ని ఫోర్క్ తోసేస్తుంది.

లెవెల్ చూస్తే చిన్న దీవి, నడవడానికి నాలుగు గళ్లు. అయినా గంటలు తినేస్తుంది. "ఈ నిబంధనలతో ఇలా కూడా అవుతుందా!" అనిపించే ఒక్క సంగతి అందులో దాగి ఉంటుంది. అది తట్టాక ఎత్తులు పెద్ద కష్టం కాదు. ఆ సంగతి మీకు తెలిసిపోయిందన్న లెక్కతోనే ఆ తర్వాతి లెవెల్స్ ఇంకో మెలిక వేస్తాయి. ఆడేవాడికి ఈపాటికి ఏం తెలుసు, ఏం తెలీదు అన్న లెక్క జనరేటర్ దగ్గర లేదు.

ఆర్వీ తేకారి బాబా ఈజ్ యూ (2019) ఇంకా తేలిక ఉదాహరణ. గోడ మనల్ని ఆపుతుందా లేదా అన్నది తెర మీదే మూడు పదాలుగా పడి ఉంటుంది: వాల్, ఈజ్, స్టాప్. ఒక పదాన్ని వరుసలోంచి తోసేస్తే గోడలోంచి నడిచిపోవచ్చు. అదే వాక్యాన్ని తెర మూలకి నొక్కి పెట్టారనుకోండి, వెనక నిలబడి తోసే చోటే ఉండదు, నిబంధన చెక్కుచెదరదు. ఏ వాక్యం మూలలో పెట్టారు, ఏది నడిమధ్య వదిలారు అన్న దాంట్లోనే సగం సూచన ఉంది. యాదృచ్ఛికంగా పదాలు చల్లితే ఈ సంభాషణ పుట్టదు.

బీఎఫ్ఎస్ బాబాయ్:
మీరిద్దరూ వేర్వేరు జాతుల గురించి మాట్లాడుతున్నారు. డిడక్షన్‌లో బోర్డు కదలదు, మనకి తెలిసింది మాత్రమే పెరుగుతుంది. తోపుడు పజిల్‌లో ప్రతి ఎత్తూ బోర్డునే మార్చేస్తుంది, పెట్టె మూలకి పోతే ఇక తిరిగి రాదు. జనరేటర్ రాయడం కూడా అక్కడే వేరవుతుంది.

సోకోబాన్‌కి (గోదాములో పెట్టెల్ని గమ్యాల మీదకి తోసే గేమ్, 1982, మొదట జపాన్ హోమ్ కంప్యూటర్ల మీద వచ్చింది) లెవెల్స్ పుట్టించే మామూలు ఉపాయం వెనక నుంచి రావడం. పెట్టెలన్నీ గమ్యాల మీద పెట్టి, తోయడానికి బదులు లాగుతూ పోవాలి. అలా చేరిన ఏ స్థితికైనా పరిష్కారం ఉన్నట్టే. జాషువా టేలర్, ఇయాన్ పార్బెరీ 2011లో ఇదే చేశారు. 3×3 ముక్కలు అతికి ఖాళీ గది కట్టడం, గమ్యాలు మార్చి మార్చి పెట్టడం, గమ్యానికి అన్నిటికంటే దూరంగా ఉన్న స్థితిని వెతకడం. దూరాన్ని వాళ్లు అడుగుల్లో కొలవలేదు. ఒకే పెట్టెని ఒకే దిక్కుకి ఎన్ని గళ్లు తోసినా ఒకటిగానే లెక్కేశారు. అడుగులు లెక్కేస్తే పొడుగాటి నడవా ఉన్న గదే "కష్టమైనది" అని గెలిచేస్తుంది మరి.

అయినా ఒక లోపం మిగులుతుంది. దూరం ఎక్కువైనంత మాత్రాన సరదా ఎక్కువ కాదు. నాలుగు పెట్టెలు ఒకదానికొకటి అడ్డంపడి, చిక్కు విప్పడమే పనిగా మిగిలే గదులే ఎక్కువ తగులుతాయి.

ఇక "చేత్తో" అన్న మాట కూడా పూర్తి నిజమేం కాదు. అనుకోని అడ్డదారులు పట్టుకోవడానికి సాల్వర్ నడిపే డిజైనర్లు ఉన్నారు. 30 గళ్ల నేల, 3 పెట్టెలు అయితే పెట్టెల అమరికలు 4,060, మనిషి నిలబడే చోట్లు 27, వెరసి 1,09,620 స్థితులు. కంప్యూటర్‌కి రెప్పపాటు పని. 50 గళ్లు, 6 పెట్టెలు అనండి, దాదాపు 70 కోట్లు. అప్పుడు మనిషి ఖచ్చితంగా ఏ గడిలో ఉన్నాడన్నది వదిలేసి, నడిచి చేరగలిగే ప్రాంతమంతా ఒకటే అని లెక్కేయాలి. గమ్యం కాని మూల గళ్లని ముందే నిషేధించాలి. ఈ రెండూ చేయకపోతే మెమరీ నిండిపోయి ప్రోగ్రామ్ చచ్చిపోతుంది.

నిదానం:
గళ్లరాజు గారూ, డిడక్షన్ మీదే కదా మీ ధీమా, అక్కడే అడ్డం పడతా. స్లిథర్‌లింక్ (గడిలో అంకె దాని అంచుల్లో ఎన్నిటి మీద గీత పడాలో చెప్తుంది, గీతలన్నీ కలిసి ఒకే లూప్ కావాలి), సుడోకు చేత్తో చేయించడంలో పేరుపడింది జపాన్ ప్రచురణ సంస్థ నికోలి. అదే స్లిథర్‌లింక్ టాథమ్ కలెక్షన్‌లో లూపీ. రెండూ పక్కపక్కన పెట్టి ఆడండి.

లూపీ ముందు ఒక లూప్ గీసి, అన్ని గళ్లకీ అంకెలు వేసి, సాల్వర్‌కి అందుతున్నంత వరకూ ఒక్కొక్కటే చెరుపుతూ పోతుంది. అంకెలు బోర్డంతా చల్లినట్టు మిగులుతాయి. 3 పక్కన 3 కనిపిస్తే మూడు సమాంతర గీతలు, 0 పక్కన 3 కనిపిస్తే ఇంకో నమూనా, అక్కడో ముక్క ఇక్కడో ముక్క. చేత్తో చేసినదాంట్లో బోర్డు సగం ఖాళీగా ఉంటుంది, మొదలుపెట్టడానికి ఒకే చోటు, ఒక గీత పడితేనే పక్కది తేలుతుంది. విప్పే వరుసని కూడా ఎవరో కూర్చారని తెలిసిపోతుంది.

ఇంకోటి. జనరేటర్ చెప్పే "కష్టం" దాని సాల్వర్‌కి తెలిసిన టెక్నిక్స్‌ని బట్టే. టాథమ్ సుడోకులో పై మెట్టు పేరు "అన్‌రీజనబుల్". అక్కడ ఊహించి, తప్పితే వెనక్కి రావాల్సిందే. కనీసం పేరు నిజాయితీగా పెట్టారు.

డిడక్షన్ అంటే గళ్లే కాదు కదా. లూకాస్ పోప్ రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018) చూడండి. ఓడలో 60 మంది, ప్రతి ఒక్కరూ ఎవరు, ఏమయ్యారు అన్నది తేల్చాలి. ముగ్గురివి సరిగ్గా రాస్తేనే గేమ్ "అవును" అంటుంది. ఒక్కోటి వెంటనే ఖాయం చేస్తే పేర్ల జాబితా పైనుంచి కిందికి నొక్కుకుంటూ పోయేవాళ్లం. మూడు దాకా ఆగాలంటే గుడ్డిగా నొక్కడం గిట్టుబాటు కాదు. వేలి ఉంగరమో, మాట్లాడే యాసో చూసి తేల్చాల్సినవి ఏ జనరేటర్ పెడుతుంది?

గళ్లరాజు:
ఓబ్రా డిన్ ఒప్పుకుంటా, అది కథ. నికోలిలో ఏరికోరి వేసిన బోర్డు తెచ్చి యంత్రం తీసిన మొదటి బోర్డు పక్కన పెట్టడం మాత్రం సరి కాదండి. జనరేటర్‌ది కూడా వందలో ఒకటి ఏరి పోల్చండి.

ఒకే గేములో రెండూ కావాలంటే హెక్స్‌సెల్స్ ఇన్ఫినిట్ (2014, మాథ్యూ బ్రౌన్) ఉంది. చేత్తో చేసిన లెవెల్స్ 36, వాటితో పాటు 8 అంకెల సీడ్ (జనరేటర్‌కి ఇచ్చే సంఖ్య) ఇస్తే కొత్త బోర్డు. చేత్తో చేసినవి ఒకసారి విప్పాక అయిపోయాయి, జవాబు గుర్తుంటుంది. మళ్లీ మళ్లీ తెరిచేది సీడ్ పేజీనే. రాత్రి పది నిమిషాలు బుర్ర తిప్పుకోవడానికి గొప్ప మెలికలు అక్కర్లేదు.

పైగా చేత్తో చేసిన చెత్త సంగతేంటి? ఒక కొత్త ఆలోచన, దాని మీద 15 మంచి లెవెల్స్, మిగతా 85 గోదాము పెద్దది చేసి ఇంకో రెండు పెట్టెలు పడేసినవి. స్టోర్ పేజీలో మాత్రం "100 హ్యాండ్‌క్రాఫ్టెడ్" అనే ఉంటుంది.

మూలపెట్టె:
లెవెల్ లెక్క చూసి మోసపోకూడదు, అంతవరకూ నిజం. కానీ ఎక్కువుంటే నింపుడే అనుకోనక్కర్లేదు. పాట్రిక్స్ పారాబాక్స్‌లో (2022) 350కి పైగా ఉన్నాయి, చాలావాటికి ఎత్తులు తక్కువే. పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో మళ్లీ అదే పెట్టె, ఒక్కో మెలిక తేలగానే ఇంకోదానికి జరిగిపోతుంది. గోదాము పెరగదు.

రేఖ:
మూడో దారి ఎవరూ ఎత్తలేదు. సమస్య చేత్తో చేసినది, జవాబులు మాత్రం లెక్కలేనన్ని. జాక్‌ట్రానిక్స్ వాళ్ల ఓపస్ మాగ్నమ్ (2017) పనిచేసేది అలాగే. యంత్రం కట్టి కావలసిన పదార్థం తయారైతే లెవెల్ అయిపోయినట్టే. తర్వాత ఖర్చు, సైకిల్స్ (పని పూర్తికి యంత్రం తీసుకున్న అడుగులు), విస్తీర్ణం అని మూడు గ్రాఫులు వస్తాయి, మిగతా ఆటగాళ్ల మధ్య మీరెక్కడున్నారో చూపిస్తూ. మూడూ ఒకేసారి తగ్గవు. యంత్రానికి చేతులు ఎక్కువ పెడితే సైకిల్స్ తగ్గి ఖర్చు పెరుగుతుంది. అదే సంస్థ స్పేస్‌కెమ్‌లో (2011) యంత్రం కట్టే చోటు, అంటే రియాక్టర్, 10×8 గళ్లే, చోటు చాలక సగం ప్రాణం పోతుంది. ఓపస్ మాగ్నమ్‌లో చోటుకి హద్దు లేదు, కాబట్టి దాదాపు అందరూ పూర్తి చేస్తారు, పట్టుదల ఉన్నవాళ్లు అదే లెవెల్ మళ్లీ కడతారు. తరగకుండా ఉండటానికి జనరేటరే అక్కర్లేదు.

రెండూ కలిపితే ఏమవుతుందో బ్లూ ప్రిన్స్ (2025) చూపించింది. 5×9 ఇల్లు, 45 గదులు, చేరాల్సింది 46వ గది. తలుపు తెరిచినప్పుడల్లా మూడు గదులు చూపిస్తే ఒకటి ఎంచుకోవాలి, మర్నాటికి ఇల్లంతా మళ్లీ ఖాళీ. పజిల్స్ చేత్తో చేసినవే, అద్భుతం. కానీ జవాబు తెలిశాక కూడా కావలసిన గది పడేదాకా రోజులు తిప్పుకుంటూ కూర్చోవాలి. బుర్ర పని అయిపోయింది, అదృష్టం పని మిగిలింది. నాకైతే అది డిజైన్ లోపమే.

నిదానం:
లోపం అనలేం రేఖ గారూ. ఒకే సమస్యకి అతుక్కుపోకుండా రోజూ పది దారాలు చేతిలో పెట్టుకోమని ఆ గేమ్ ఉద్దేశం. కావలసిన గది పడలేదా, ఇంకో దారం లాగాలి. ఎ మాన్‌స్టర్స్ ఎక్స్‌పెడిషన్ (2020) అదే పనిని లాటరీ లేకుండా చేసింది: చెట్టు తోసి, దుంగ దొర్లించి దీవి నుంచి దీవికి. ఒక దీవి లొంగకపోతే ఇంకోవైపు పోవచ్చు. నా ఓటు దీనికే అనుకోండి.

జెడ్‌కీ:
చిన్న మాట. తోపుడు పజిల్స్ ఇంటి కంప్యూటర్‌కి ఇంత బాగా అతకడానికి కారణం అన్‌డూ, అంటే వేసిన ఎత్తుని వెనక్కి తీసుకోవడం. పెట్టె మూలన పడితే జెడ్ నొక్కి పట్టుకుంటే చాలు, సినిమా వెనక్కి తిప్పినట్టు వచ్చేస్తుంది. పజిల్‌స్క్రిప్ట్ (పజిల్ గేములు తయారుచేసే సాధనం, 2013, ఇదీ లావెల్‌దే, బ్రౌజర్‌లో నడుస్తుంది) వచ్చాక జెడ్ అన్‌డూ, ఆర్ రీస్టార్ట్ అడక్కుండానే అందులో ఉంటాయి. అన్‌డూ లేని తోపుడు గేమ్‌లో లెవెల్ చేత్తో చేసినా యంత్రం తీసినా శిక్షే.

రేఖ:
బాబాయ్ గారూ, చెయ్యీ యంత్రం కలిపి చేయాలంటే వరుస ఏంటి?

బీఎఫ్ఎస్ బాబాయ్:
పనిచేసే వరుస ఇది. ముందు నిబంధనని పజిల్‌స్క్రిప్ట్‌లో రాసి ఆడి చూడండి. బొమ్మలు 5×5 చుక్కలే, పెట్టె తోయడం ఒక్క వరుస నిబంధన, కాబట్టి నచ్చకపోతే పారెయ్యడానికి బాధ ఉండదు. నచ్చితే అవే నిబంధనలు మీకొచ్చిన భాషలో తిరగరాసి, 5×5 గది, రెండు పెట్టెలతో ప్రతి అమరికనీ సాల్వర్‌కి ఇవ్వండి. గది అంతకంటే పెద్దది పెట్టొద్దు, పెద్ద గదిలో మెలిక ఎక్కడుందో కంటికి ఆనదు.

జల్లెడ పట్టడమే అసలు కష్టం. పొడవైన పరిష్కారం ఒక్కటే చూస్తే చిక్కుముళ్లే వస్తాయి. గమ్యం చేరిన పెట్టెని తప్పనిసరిగా మళ్లీ బయటికి తీయాల్సి వచ్చేవి, లేదా మొదటి ఎత్తు గమ్యానికి దూరంగా ఉండాల్సినవి, ఇవి విడిగా తీయండి. వాటిలో ఓ పది ఆడితే ఒకదాంట్లో "ఇదేంటి?" అనిపిస్తుంది. ఆ ఒక్క సంగతి కాగితం మీద రాసుకుని, గదిని దాని చుట్టూ చేత్తో మళ్లీ కట్టండి. నేల గళ్లు ఒక్కొక్కటే గోడగా మార్చి సాల్వర్ నడపండి. పరిష్కారం మారకపోతే ఆ గడి అనవసరం, పూడ్చేయండి. మారితే వెనక్కి తీసుకోండి. రెండు మూడు గళ్లు ఒకేసారి పూడ్చి, చివర్లో ఒక్కసారి సాల్వర్ నడిపితే చెడగొట్టింది ఏ గడో తెలీదు.

గళ్లరాజు:
అంటే ఆ సంగతిని కనిపెట్టింది జనరేటరే. మరి స్టోర్ పేజీలో ఏమని రాయాలి?

మూలపెట్టె:
మిగతా తొమ్మిదీ ఎందుకు పారేశారో జనరేటర్‌నే అడిగి రాయండి.