ప్రోస్టేట్‌లోకి బోటాక్స్ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా నాన్నగారికి 68 ఏళ్లు. ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరిగి 54 గ్రాములు ఉంది, క్యాన్సర్ లేదని తేలింది. రాత్రి ఐదుసార్లు లేస్తారు. కుళాయి తిప్పి, గోడకు చెయ్యి ఆనించి రెండు నిమిషాలు నిలబడితే గానీ ధార మొదలవ్వదు. అదీ సన్నగా, ఆగి ఆగి వస్తుంది. మూత్రం పోశాక స్కాన్ తీస్తే లోపల ఇంకా 110 మి.లీ. మిగిలింది.

టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. 14 నెలలుగా, డ్యూటాస్టెరైడ్ 0.5 మి.గ్రా. 9 నెలలుగా వాడుతున్నారు. సాయంత్రం ఆరు దాటితే నీళ్లు, కాఫీ తగ్గించాం. పెద్దగా తేడా లేదు. పైగా మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయి. మొన్న బాత్రూమ్ గుమ్మం దగ్గర పడబోయారు, అప్పటినుంచి నాకు రాత్రుళ్లు నిద్ర లేదు. ఆపరేషన్‌కు ఆయన ససేమిరా అంటున్నారు.

డాక్టరుగారు ప్రోస్టేట్‌లోకే 200 యూనిట్ల బోటాక్స్ ఇవ్వొచ్చన్నారు. (మూత్రం ఆపుకోలేనివాళ్లకు మూత్రాశయంలోకి ఇచ్చేది కాదు, అది వేరు.) కానీ ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో) పోల్చిన ట్రయల్‌లో దీనికి చెప్పుకోదగ్గ తేడా రాలేదని చదివాను. అందుకే తటపటాయిస్తున్నాం.

ప్రోస్టేట్‌లోకి ఇది చేయించుకున్నవాళ్లకు ఆరు నెలల తర్వాత కూడా రాత్రి లేవడం తగ్గిందా?