అక్కికి అసైక్లోవిర్: వెంటనే మొదలుపెట్టాలా, కిడ్నీ టెస్టు అయ్యేదాకా ఆగాలా?

పలాస అబ్బాయి:
మా అమ్మకి 72 ఏళ్ళు, బరువు 45 కిలోలు. బీపీ మాత్రలు వాడుతోంది. నిన్న పొద్దున వీపు నుంచి ఎడమ డొక్క మీదుగా ముందుకి, ఒక పక్కనే, నీటి పొక్కులు గుత్తులుగా లేచాయి. అంతకుముందే అక్కడ మంట, సూదులు పొడుస్తున్నట్టు ఉందంటే గ్యాస్ అనుకున్నాం. మెడికల్ షాపాయన చూడగానే అక్కి అని చెప్పి అసైక్లోవిర్ 400 రోజుకి మూడు, నొప్పికి డైక్లోఫెనాక్, పైన రాయడానికి ఒక ట్యూబు ఇచ్చాడు. మా పిన్నేమో కుమ్మరి చేత అక్కి రాయిస్తే చాలు, బిళ్ళలు వేడి చేస్తాయంటోంది. స్కిన్ డాక్టరు సోమవారం గానీ రారు. మాది ఉద్దానం పక్కనే. కిడ్నీ మాట వింటేనే ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం చేయమంటారు?

సత్యవతి, తణుకు:
బాబూ, మా ఊళ్ళో అక్కి వస్తే జాజు కలిపి ఒంటి మీద సింహం బొమ్మ రాసేవాళ్ళు. మా అత్తగారికీ, ఆడపడుచుకీ అలాగే తగ్గింది. ఒళ్ళు చల్లబడుతుంది, పైసా ఖర్చు లేదు. ఆ వయసులో అన్నన్ని మాత్రలు మింగించడం నాకైతే మనసొప్పదు.

మందుల షాపు, విజయనగరం:
సత్యవతి గారూ, మీ ఇంట్లో తగ్గిందన్నది నిజమే. అక్కి పొక్కులు చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతటవే ఎండిపోతాయి, జాజు రాసినా, రాయకపోయినా. కానీ పెద్దవాళ్ళకి అసలు బాధ పొక్కులు పోయాక మొదలవుతుంది. చీర అంచు తగిలినా ఓర్చుకోలేని నరాల నొప్పి కొందరికి నెలల తరబడి ఉండిపోతుంది. పచ్చి పొక్కుల మీద మట్టి పూస్తే చీము పట్టే ప్రమాదం కూడా ఉంది.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్సే నరాల మొదళ్ళలో నక్కి ఉండి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఇలా బయటపడుతుంది. అసైక్లోవిర్ దాన్ని చంపదు, పెరగనివ్వదు. అందుకే పొక్కులు కనపడిన 72 గంటల లోపు మొదలుపెట్టమంటారు. పొక్కులు త్వరగా మానతాయి, అప్పటి నొప్పి తగ్గుతుంది. తర్వాతి నరాల నొప్పి రాకుండా ఆపుతుందని మాత్రం గ్యారంటీ ఇవ్వలేం.

తమ్ముడూ, మీకిచ్చిన డోసు తప్పు. 400 రోజుకి మూడు అనేది జననాంగాల దగ్గర వచ్చే హెర్పిస్‌కి వాడే లెక్క. అక్కికి 800 మిల్లీగ్రాములు, రోజుకి ఐదుసార్లు, కనీసం ఏడు రోజులు. అదీ కిడ్నీలు బాగుంటేనే. ట్యూబు వల్ల ఒరిగేదేమీ లేదు. ఇది చీటీ మీద అమ్మాల్సిన మందు. పొక్కులు చూసి చేతిలో స్ట్రిప్పు పెట్టేయడం మా షాపులవాళ్ళు మానుకోవాలి.

వైజాగ్ కోడలు:
నేను ఒప్పుకోను. టెస్టు లేకుండా ఒక్క బిళ్ళ కూడా వేయొద్దు. మా మావయ్యగారికి అప్పటికే కిడ్నీ జబ్బు ఉంది. ఆ సంగతి అడక్కుండానే ఒకచోట ఫుల్ డోసు రాసిచ్చారు. మూడో రోజుకల్లా మనుషుల్ని గుర్తుపట్టలేదు, గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడేవారు. చుట్టాలు గాలి సోకిందన్నారు. పెద్దాసుపత్రిలో మందు ఒంట్లో పేరుకుపోయిందని డయాలసిస్ చేస్తే తేరుకున్నారు. ఉద్దానం పక్కన ఉండి రిస్కు తీసుకోవడమేంటి?

డ్యూటీ డాక్టర్, ఏజెన్సీ:
అమ్మా, మీరు చెప్పింది ఈ మందుతో నిజంగానే జరుగుతుంది. ఇది మూత్రంలోనే బయటికి పోవాలి. పోకపోతే మెదడు మీద పనిచేస్తుంది. ఒంట్లో నీళ్ళు తక్కువగా ఉంటే కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది కూడా. కిడ్నీ జబ్బు ఉందని ముందే తెలిసినవాళ్ళకి డాక్టరు డోసు తగ్గించి రాసేదాకా వేయకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ దాన్ని పట్టుకుని అందరినీ సోమవారం దాకా ఆపితే 72 గంటలూ దాటిపోతాయి. మేం చూసే ఊళ్ళలో ఎక్కువగా జరిగే నష్టం అదే. దీనికి స్కిన్ డాక్టరే అక్కర్లేదు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీలో ఉన్న ఎంబీబీఎస్ డాక్టరు చాలు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష పెద్ద ఖర్చు కాదు, చాలాచోట్ల అదే రోజు చెప్తారు.

బాబూ, డైక్లోఫెనాక్ మాత్రం ఇప్పుడే పక్కన పెట్టేయండి. అదీ, అసైక్లోవిరూ కలిస్తే కిడ్నీకి దెబ్బ. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వండి. గుండె, కిడ్నీ సమస్యతో నీళ్ళు తగ్గించమని ఎవరూ చెప్పి ఉండకపోతే నీళ్ళు, మజ్జిగ బాగా తాగించండి. నుదుటి మీద గానీ ముక్కు కొన మీద గానీ పొక్కు కనపడితే అదే రోజు కంటి డాక్టరు చూడాలి. చూపు పోయే ప్రమాదం ఉంది.

పలాస అబ్బాయి:
ఆసుపత్రికి తీసుకెళ్ళాను సార్. క్రియాటినిన్ 1.3 వచ్చింది. కొంచెమే ఎక్కువ, నార్మల్ కిందే లెక్క అన్నాడు ల్యాబ్ కుర్రాడు. డాక్టరమ్మ రిపోర్టు చూసి మందు రాస్తానన్నారు, బయట కూర్చున్నాం.

డ్యూటీ డాక్టర్, ఏజెన్సీ:
నార్మల్ కాదు. అదే 1.3 డెబ్బై కిలోల కుర్రాడికైతే కంగారు పడను. 72 ఏళ్ళు, 45 కిలోలు, ఆడమనిషి అని లెక్క కడితే కిడ్నీ పనితనం నిమిషానికి సుమారు 28 మిల్లీలీటర్లే వస్తోంది. అసైక్లోవిర్ లాంటిదే అయిన వాలసైక్లోవిర్ 1000 రాస్తే మామూలుగా రోజుకి మూడు, ఈ లెక్కకి ఒక్కటే. అసైక్లోవిర్ అయితే ఆ పనితనం 25కి తగ్గేదాకా డోసు మార్చరు. కానీ ఆవిడ గీత మీదే ఉన్నారు, కాబట్టి మధ్యలో మళ్ళీ రక్తం చూడాలి. డాక్టరమ్మకి వయసు, బరువు, బీపీ మందుల పేర్లు మూడూ చెప్పండి. మాట తడబడినా, మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా మందు ఆపి వెంటనే తీసుకెళ్ళండి.

సత్యవతి, తణుకు:
సరే నాయనా, బొమ్మ మాట వదిలేస్తాను. మరి ఇంట్లో కడుపుతో ఉన్న కోడలుంటే అంటుకుంటుందా?

మందుల షాపు, విజయనగరం:
ఆ అమ్మాయికి చిన్నప్పుడు ఆటలమ్మ రాకపోయి, టీకా కూడా వేసుకోకపోతే పొక్కుల నీటి వల్ల ఆటలమ్మ రావచ్చండి. పొక్కులు చెక్కు కట్టేదాకా వాటిని గుడ్డతో కప్పి ఉంచాలి, తువ్వాలు వేరుగా పెట్టాలి. ఇప్పటికే దగ్గరగా మెలిగి ఉంటే వాళ్ళ డాక్టరమ్మకి ఈరోజే ఫోన్ చేయమనండి. అక్కి రాకుండా 50 దాటినవాళ్ళకి రెండు డోసుల టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. ఖరీదెక్కువే, అయినా షుగరున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే డాక్టరుని అడగండి.